బండలెక్కు బండి

ఈ శీర్షికను చూచి యిదేదో యెడ్లబండి ముచ్చట యని చదువరులు తలపవలదు. నేను చెప్పబోవునది జానెడు వెడల్పును, మూరకు కొంచెము తక్కువ పొడవును గల యొక చిన్న జీపును గూర్చి. దాని కడుపులో మోటారును బ్యాటరీయు నుండును. నడుపువారి చేతిలో రేడియో పెట్టె యుండును. నడుమ తీగ యేదియు నుండదు. మీట నొక్కినచో నది పరుగెత్తదు. పసిబిడ్డ గడప దాటునట్లు ఒక్కొక్క చక్రమును మోపి చూచుకొనుచు, తనకంటె ఎత్తైన బండఱాళ్లపైకి మెల్లగా ప్రాకిపోవును. ఇంగ్లీషున దీనిని రాక్ క్రాలరు అందురు. మా యింట నందఱును బండలెక్కు బండి యనుచున్నారు. గడచిన వేసవిలో దానిని మా పెద్దమ్మాయియు నేనును మూడు నెలలు కూర్చుండి చేసితిమి.

ఆటవస్తువును గూర్చి యింత వ్రాయవలెనా యని కొందఱు సోదరీమణులు నవ్వుకొందురేమో. నవ్వవచ్చును, మా అత్తగారును మొదట నవ్విరి. అయినను ఆ బండి చేయుచున్నంత కాలము మా యింట జరిగిన వాదము ఆటకు సంబంధించినది కాదు. అందుచేతనే వ్రాయుచున్నాను.

అమ్మాయి పదవ తరగతి పరీక్షలు వ్రాసి యింట కూర్చున్న దినములవి. మా బావగారు తమ పలుకుబడి నుపయోగించి, జూను నెలలో దానిని దూరపు పట్టణమందలి యొక వసతి కళాశాలలో ఇంటర్మీడియెట్టున చేర్చుటకు మాటలాడి యుంచిరి. పిల్ల తెల్లవారుజామున లేచి రాత్రి పదిగంటల వఱకు ప్రశ్నలకు జవాబులు గుర్తించుచుండుట యచటి దినచర్య. మా పిల్ల తండ్రి యెదుట నిలిచి, తాను పాలిటెక్నిక్కులో చేరి మెకానికల్ డిప్లొమా చదివెద ననెను. ఆ మాట విన్న చుట్టములలో నొక్కరైనను ఎందులకని యడుగలేదు. ఆడపిల్ల స్పానరు పట్టి నూనె పూసికొన్నచో దానిని చేసికొనువా డెవడని మాత్రము అడిగిరి. మా వారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. పరుల పిల్లల విషయమున వెంటనే తేల్చి చెప్పగలవారు. సొంత బిడ్డ మాట వచ్చుసరికి "చూతము" అనిరి. పదునాఱేండ్ల కాపురమున నేను నేర్చినదేమనగా, వారి "చూతము" అను మాటకు ఎవ్వరును నొవ్వకుండ కొన్నాళ్లు గడుపుద మని యర్థము.

నాకును ఒక సందియము లేకపోలేదు. పిల్ల కోరిక ముచ్చటయా, నిజముగా మనస్సా? పదునైదేండ్ల వయస్సున నోటితో చెప్పు మాటనుబట్టి దానిని తేల్చరాదు. పని మీద పెట్టి చూడవలెను. అంతకు మునుపే అది తన తమ్మునికి ఫోనులో నీ బండ్లను చూపుచు, ఇవి మనమే చేసికొనవచ్చు ననుచుండెను. అమెరికాలో యూటా రాష్ట్రమున మోయబు అను నూరి చుట్టును ఎఱ్ఱని యిసుకఱాతి కొండలు కలవు. ఆ బండలపైకి నిజమైన జీపుల నెక్కించు వేడుక యచట ఈస్టరు దినములలో 1967 నుండి జరుగుచున్నది. అట్టి వినోదమునే పెరటిలోనికి దింపుకొన్న ఆట యిది. విదేశములనుండి వచ్చు మేలురకపు బండి వెల మా బోటి సంసారుల మూడు నాలుగు నెలల వెచ్చములకు సరిపోవును. సరే చేయుదము, చీటీ పాడిన సొమ్ములో పదివేల రూపాయ లిచ్చెదను, అంతకు మించి దమ్మిడీ యియ్య నంటిని. "నీకేమి తెలుసునే?" అని అత్తగా రడిగిరి. వారడిగినది నన్నో, మనుమరాలినో నాకు నేటికిని స్పష్టము కాలేదు.

నేను బడికి పోయి చదివినదానను కాను. మా నాయనగారే యింట కూర్చుండబెట్టి అమరమును, ఆంధ్రమహాభారతమును, ప్రబంధములు కొన్నిటిని చదివించిరి; పరీక్షలకు మాత్రము ప్రైవేటుగా కట్టితిని. నాభి, నేమి, అణి, కూబరము అని రథాంగముల పేర్లు నాకు పదేండ్లనాడే కంఠస్థములు. అణి యనగా ఇరుసు చివర చక్రము జాఱకుండ గ్రుచ్చు సీల యని యడిగినవారికి చెప్పగలను గాని, దానిని నా చేతులతో గ్రుచ్చి యెఱుగను. ముప్పది దాటిన పిదప ఆ మాటలు ఇనుమై నా యొడిలో పడినవి.

మొదటి పని కొలతలు. మా యూరి బస్సుల నిలయము చెంత నున్న మరమ్మతు పాకలో ఒక పాత జీపు చాలకాలముగా పడియున్నది. అమ్మాయి నా కుట్టుపని టేపు తీసికొనిపోయి దానిని కొలిచెను. ఆ జాతి జీపునకు ముందు ఇరుసు నుండి వెనుక ఇరుసునకు 80 అంగుళములు, అనగా 2032 మి.మీ. దానిని ఎనిమిదింట నొకపాలు చేసినచో 254 మి.మీ. వచ్చెను. తక్కిన కొలత లన్నియు నట్లే యెనిమిదిచేత భాగించి, పాత పంచాంగము వెనుక అట్టమీద గీసికొంటిమి. చక్రముల విషయమున మాత్రము లెక్క తప్పించితిమి. అంగడిలో దొరకిన మెత్తని రబ్బరు చక్రముల యడ్డుకొలత 108 మి.మీ.; అసలు జీపు ననుసరించిన 90 మి.మీ. చాలును. అయినను పెద్దపాదము పెద్దఱాతి నెక్కునని వానినే యుంచితిమి.

ఇక బలము. బండల నెక్కుటకు వేగమక్కఱలేదు, బలము కావలెను. మోటారు స్వభావము దీనికి సరిగా వ్యతిరేకము; అది నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగునే గాని, ఇరుసున వ్రేలు పెట్టి నిలిపినను నిలిచిపోవును. ఆ వేగమును పండ్లచక్రములచేత తగ్గించుకొన్నకొలది బలము పెరుగును. మరమ్మతు పాకవాని యొద్ద బ్యాటరీ చచ్చి మూలపడిన యొక డ్రిల్లు యంత్రము, అనగా గోడకు బెజ్జములు వేయునది, రెండువందల రూపాయలకు దొరకెను. దాని మోటారు బాగుగనే యున్నది. మోటారు ముందున్న డబ్బీని విప్పి చూచినప్పుడు నాకు కలిగిన యాశ్చర్యము చెప్పరానిది. నడుమ నొక చిన్న పండ్లచక్రము. దానిని చుట్టి మూడు చక్రములు. వాని నన్నిటిని చుట్టి లోపలివైపున పండ్లు గల యొక వలయము. నడిమిదానికి సూర్యచక్ర మనియు, చుట్టు తిరుగువానికి గ్రహచక్రము లనియు యంత్రశాస్త్రజ్ఞులే పేరు పెట్టి యున్నారట. గ్రహములు తమచుట్టు తాము తిరుగుచు సూర్యుని చుట్టును తిరుగును. పిడికిలిలో పట్టు డబ్బీలో ఖగోళమంతయు నూనెలో తేలుచున్నది! అత్తగారిని పిలిచి చూపితిని. "శని యేదే?" అని యడిగి లోపలికి పోయిరి.

ఆ డబ్బీలో అట్టి వరుసలు రెండు కలవు. ఒక్కొక్క వరుస వేగము నాఱవపాలునకు దించును. కాబట్టి మోటారు 36 మాఱులు తిరిగిన డబ్బీ చివర ఒక్క చుట్టు. పిమ్మట ఇరుసుల కడ మఱల తగ్గింపవలెను. ఇందులకు ఇనుము కోయు గ్రైండరు యంత్రములోని మూలపండ్ల చక్రముల జతలు పనికివచ్చునని అమ్మాయియే కనుగొనెను. నిలువుగా వచ్చు తిరుగుడును అడ్డమునకు మరల్చునది యాజత. విడిభాగముగా పనిముట్ల యంగడిలో జత నూటయేబది రూపాయలు. రెండు ఇరుసులకు రెండు జతలు కొంటిమి. చిన్నదానికి పది పండ్లు, పెద్దదానికి ముప్పదియెనిమిది. అమ్మాయి లెక్క కట్టి, మోటారు ఇంచుమించు 137 చుట్లు తిరిగిన చక్రము ఒక్కచుట్టు తిరుగు ననియు, నిమిషమునకు బండి 49 మీటర్లు పోవు ననియు చెప్పెను. గంటకు మూడు కిలోమీటర్లు కూడ లేదు. మా యూరి చెన్నకేశవస్వామి పల్లకి యంతకంటె వేగముగా నూరేగును.

చక్రములను ఇరుసునకు బిగించుటలో నింకొక విశేష మున్నది. మనము ప్రయాణము చేయు కార్లలో ఎడమ కుడి చక్రములకు నడుమ డిఫరెన్షియలు అను నమరిక యుండును. మలుపున వెలుపలి చక్రము ఎక్కువ దూరము పోవలెను గదా. ఆ హెచ్చుతగ్గులను అది సరిదిద్దును. అయితే ఒక చక్రము గాలిలోనికి లేచినచో తిరుగుడంతయు దానికే పోయి, నేలనున్న చక్రము చలనము లేక నిలిచిపోవును. కర్ణపర్వమున కర్ణుని రథచక్రము క్రుంగినప్పుడు తక్కిన చక్రము లేమి చేయుచుండెనని చిన్నతనమున నేను నాయనగారి నడిగి మందలింపు తింటిని. రథమున లాగునవి గుఱ్ఱములు. చక్రములకు సొంత బల మేమియు లేదు. బండలెక్కు బండిలో నట్లుకాదు. నాలుగు చక్రములును నాలుగు గుఱ్ఱములు. రెండేసి చక్రములను ఒకే గట్టి ఇరుసునకు కదలకుండ బిగింతురు. మూడు గాలిలోనున్నను నాలుగవది త్రోయును. మలుపులందు చక్రము లొకింత యీడ్చుకొని పోవుమాట నిజమే. ఆ నష్టమునకు ఒప్పుకొనవలెను.

ఇచటనే పిల్ల సంగతి నాకు తెలిసినది. డబ్బీ ప్రక్క నొక నిడుపైన కడ్డీని అమర్చి, రెండు సమానమైన పండ్లచక్రములతో దానిని త్రిప్పి, దాని ముందు కొసను ముందు ఇరుసునకును, వెనుక కొసను వెనుక ఇరుసునకును కలుపవలెను. రెండు ఇరుసులును ఎదురెదురుగా నుండును. గుడి ద్వారమునకు ఇరుప్రక్కల ద్వారపాలకులవలె ఒకటి రెండవదానికి అద్దములోని నీడవలె నుండవలెనని నాకు తోచినది. చూచుటకు అదియే యందము. అమ్మాయి మాటాడక వంటయింటిలోనికి పోయి, రెండు కుంకుమభరిణెల మూతలను, ఒక అప్పడాల కఱ్ఱను తెచ్చి నేలమీద పెట్టుకొని గంటసేపు త్రిప్పి త్రిప్పి చూచెను. పిమ్మట, "అమ్మా, అద్దములో నీడలాగ చేసితే ముందు చక్రాలు ముందుకూ, వెనుక చక్రాలు వెనక్కూ పోతాయి. రెండూ అచ్చంగా ఒకేలాగ చేసి, ఒకదాన్ని తిప్పి పెట్టాలి" అనెను. నాకు నమ్మకము కలుగక నేనును కఱ్ఱను త్రిప్పి చూచితిని. దాని మాటయే నిజము. ఎవరును చెప్పలేదు, పుస్తకమున చూడలేదు. నా సందియము ఆ మధ్యాహ్నముతో తీఱినది. కాని ఇంటిలో వాదము తీఱలేదు.

ఇరుసుల గొట్టములను లేతుపనివాడు తిరుగుడుపట్టి చేసి యిచ్చెను. మొదటిసారి మేము పోయినప్పుడు అతడు మా మొగము చూడక, "సారును పంపించండమ్మా, మాట్లాడతాను" అనెను. సారునకు ఈ సంగతి తెలియదని చెప్పి అమ్మాయి తాను గీసిన పటమును ముందు పెట్టెను. అతడు దానిని తిరగవేసి మఱగవేసి చూచి, బేరింగు కూర్చుండు చోట కొలత యెంత బిగువుగా నుండవలెనని అడిగెను. ఆ ప్రశ్న అమ్మాయి నుద్దేశించి యడిగినదే. పనికి తొమ్మిదివందలు పుచ్చుకొనెను గాని, ఒక గొట్టము లోపల గీత పడినదని తానే పాఱవైచి మఱల చేసి యిచ్చెను. పనివానిలో నాకు నచ్చినది ఆ గుణమే.

కడ్డీలు ఇరుసులను కలియు చోట్ల వేసిన సీలలను గూర్చి ఒక మాట చెప్పవలెను. ఇవి గట్టి యుక్కుతో చేయరాదు. చక్రము రెండు ఱాళ్ల నడుమ నిఱికికొని కదలనప్పుడు ఎక్కడనో ఒకచోట తెగక తప్పదు. తెగునది నూటయేబది రూపాయల పండ్లచక్రము కారాదు, పదిరూపాయల సీల కావలెను. అందుచేత 3 మి.మీ. మెత్తని యినుప సీలలు వేసితిమి.

జీపు పైతొడుగు మాత్రము నా పని. నీటి గొట్టములకు వాడు నాలుగంగుళముల పీవీసీ గొట్టమును నిడుపుగా కోసి, వంటకు వాడని పాత డేగిసాలో మఱుగునీట ముంచినచో మెత్తబడును. వెంటనే తీసి రెండు పలకల నడుమ పెట్టి, పైన రుబ్బురోటి పొత్రము నుంచినచో చల్లాఱుసరికి చదునైన రేకగును. దీనిని నిప్పుపై కాల్చువారు కలరు. అట్లు చేయరాదు, మాడినచో వెలువడు పొగ ఊపిరితిత్తులకు హానికరము. ఆ రేకులను కత్తిరించుట రవికె గుడ్డ కత్తిరించుటకంటె కష్టము కాదు. ముందుగా కాగితముతో నమూనా కత్తిరించి, అతుకు లెచట వచ్చునో చూచుకొని, అంచులకు అరగీత వదలుకొనుట, ఇవన్నియు మన మెఱిగిన విద్యలే. ఆసనములకు పాత సంచి రెక్సిను తీసి మిషనుపై కుట్టితిని. చిన్నవాడు తన బొమ్మలలో నొకదానిని డ్రైవరుగా కూర్చుండబెట్టెను.

బండి నిలిచిన పిదప మొదట మెట్లనెక్కించి చూచితిమి. రెండవ మెట్టుననే ముందరి చక్రములు లేచి వెల్లకిల పడెను. వాలుపైకి పోవునప్పుడు బరువు వెనుకకు జాఱుట సహజము. కాబట్టి చదునుపై నున్నప్పుడే బరువు ముందువైపున ఎక్కువగా నుండవలెను. వంటయింటి త్రాసుపై ముందు చక్రములను, పిమ్మట వెనుక చక్రములను నిలిపి తూచితిమి. ముందు 1400 గ్రాములు, వెనుక 1800. బ్యాటరీని వెనుకనుండి తీసి మోటారు ముందుకు, వీలైనంత క్రిందికి తెచ్చి, ముందు చక్రముల లోపల సీసపు బిళ్లలు బిగించి మఱల తూచగా ముందు 2000, వెనుక 1400 వచ్చెను. పైతొడుగు తేలికగను, అడుగు బరువుగను ఉండుటయే యీ బండి రహస్యములో సగము. తక్కిన సగము ఇరుసులను చట్రమునకు కట్టివేయక, నాలుగేసి కడ్డీలతో వ్రేలాడదీయుట. అందుచే ఒక చక్రము ఱాతిపైకి లేచినను తక్కిన మూడును నేలను విడువవు.

రేడియో పెట్టె, దాని గ్రాహకము, మోటారు వేగమును పాలించు పరికరము, ముందు చక్రములను త్రిప్పు సర్వో మోటారు, వీనిని టపాలో తెప్పించితిమి. ఇవి యింట చేయదగినవి కావు. తీగ లేక దూరమునుండి నావను నడిపి చూపినవాడు నికొలా టెస్లా; 1898లో న్యూయార్కు నగరమున జనులు దానిని చూచి విస్తుపోయిరట. నేడు రెండున్నర వేల రూపాయలకు ఆ విద్య పెట్టెలో వచ్చుచున్నది. వేగమును పాలించు పరికరములో నొక మంచి యేర్పాటున్నది. మీట వదలినతోడనే అది మోటారు తీగల రెంటిని కలిపివేయును. అప్పుడు మోటారు తానే విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తే తన్ను బంధించుటచేత, బండి వాలుపై జాఱక నిలుచును. లిథియము బ్యాటరీ విషయమున మాత్రము జాగ్రత్త వలయును. మూడు గదుల బ్యాటరీ మాది. ఒక్కొక్క గది 4.2 వోల్టులకు మించరాదు, 3.2కు దిగరాదు. ఎక్కించునపుడు మట్టిమూకుడులో పెట్టి, ఎవరో ఒకరు దగ్గఱ నుండవలెను. ఉబ్బిన బ్యాటరీని మఱల నెన్నడును వాడరాదు. పాలు పొయ్యిమీద పెట్టి వీథిలోనికి పోము గదా!

మామిడిపండ్ల కాలమున బావగారు వచ్చిరి. వాకిట చాపపై అమ్మాయి ఇనుప ముక్కల నడుమ కూర్చుండుట చూచి వారికి కోపము వచ్చెను. ఆడపిల్లలకు ఇట్టి చదువు ప్రపంచములో నెచటను అచ్చిరాదనిరి. నేను వారియెదుట మాటలాడుట యరుదు. ఆ దినమున తలుపు చాటుననుండియే చెప్పితిని. 1997లో అంగారక గ్రహముపై తొలిసారిగా తిరిగిన సోజర్నరు అను చిన్న బండిని చేసిన వారికి నాయకురాలు డోనా షర్లీ యను స్త్రీ. ఆమె చదువుకొనుటకు పోయినప్పుడు ఆడువారు ఇంజనీర్లు కాజాలరని ఆమెకు దారిచూపవలసిన యధ్యాపకుడే చెప్పెను. ఆ బండికి సోజర్నరు అను పేరు సూచించి బహుమతి గెలిచినది పండ్రెండేండ్ల బాలిక. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చంద్రునిపై దిగిన పిమ్మట దానినుండి వెలువడి తిరిగిన ప్రజ్ఞాన్ 26 కిలోల బండి. క్షణమునకు ఒక సెంటీమీటరు మాత్రమే నడచును. అదియు ఱాళ్లను దాటు బండియే. బావగారు విని, "చంద్రుని మీద పెండ్లి సంబంధములు చూచెదవా, అమ్మా?" అనిరి. అందఱును నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

డిప్లొమా మూడేండ్ల చదువనియు, పిదప ఈసెట్టు అను పరీక్షలో నెగ్గినచో ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చు ననియు, దారి మూసికొనిపోవునది కాదనియు నేను మెల్లగా విప్పి చెప్పితిని. ఆ సంగతి వారెఱుగరని మొగము చూడగా తెలిసినది. మన యిండ్లలో ఎందఱికో తెలియదు. తెలియక పోవుటచేతనే పిల్లలను ఒకే మందగా తోలుచున్నాము.

మఱునాడు ఉదయము ఊరి వెనుక గుట్టకు పోయితిమి. మా ప్రాంతమున గుట్టలనగా మట్టి కాదు; ఏనుగులు పండుకొన్నట్లు ఒకదానిపై నొకటి పడియున్న గ్రానైటు బండలు. పిల్లలు, నేను, మా వారు. రానని చెప్పియే బావగారు కూడ వచ్చిరి. అమ్మాయి కోణమాపకమునకు దారము కట్టి బండ వాలును చూచెను, 40 డిగ్రీలు. బండిని క్రింద నిలిపి మీట నొక్కెను. ముందు చక్రములు ఱాతిని తాకి, రబ్బరు నలిగి, ఒకటి పట్టుకొనెను; బండి ఒక ప్రక్కకు ఒఱగి, మూలుగుచు, అంగుళ మంగుళముగా పైకి పోయెను. నడుమ నొక పగులున్నది. అచట ముందరి కుడి చక్రము దిగబడి, చప్పుడయ్యెను, సీల తెగినది. ఎవ్వరును పలుకలేదు. అమ్మాయి ఏడ్వలేదు, నొచ్చుకొనలేదు. బండపైకి తా నెక్కి, సంచిలోనుండి సీలను తీసి, తెగినదానిని తట్టి వెడలగొట్టి, క్రొత్తదానిని గ్రుచ్చెను. నాలుగు నిమిషములు పట్టినది. పిదప వెనుక చక్రములతో త్రోయించుచు పగులును ఏటవాలుగా దాటించి, బండి నడినెత్తిపై నిలిపెను.

బావగారు పెట్టెను చేతికి తీసికొని దానిని క్రిందికి దింపిరి. బాగుగనే దింపిరి. "ఆట ఆటే, చదువు చదువే" అని మాత్రము అనిరి. మా వారు మాటలాడక తెగిన సీల ముక్కలు రెంటిని తీసికొని చొక్కా జేబులో వేసికొనిరి. ఆ రాత్రి భోజనమైన పిదప, "పాలిటెక్నిక్కు హాస్టలు రుసుము ఎంత?" అని నన్నడిగిరి. చూతమనలేదు.

పాలిసెట్టులో అమ్మాయికి వచ్చిన ర్యాంకు గొప్పది కాకున్నను కోరిన శాఖకు చాలినది. ఇప్పుడది హాస్టలులో నున్నది. తరగతిలో ఆడపిల్లలు నలుగురేయట. వర్కుషాపులో ఇనుపముక్క నిచ్చి ఆకురాతితో నలుచదరము చేయుమనిరనియు, నాలుగు దినములు రాచినను మూల మట్టము కుదురలేదనియు ఫోనులో చెప్పినది. గొంతున అలసట యున్నది గాని విసుగు లేదు. బావగారు దసరాకు రాలేదు. పెద్దవారు, ఆ లోటు మా వారికి బాధగనే యున్నది, నాకును. సంక్రాంతికి మేమే పోవలెనని యనుకొనుచున్నాము.

ఖర్చు మొత్తము 9,800 రూపాయలు. పదివేలలో మిగిలిన రెండువందలు పిల్లకే యిచ్చితిని. బండి యిప్పుడు చిన్నవాని వశమైనది. వాడు అవ్వగారి తమలపాకుల పెట్టెను దానిపై పెట్టి వాకిటినుండి పంచకు చేర్చుచున్నాడు. అత్తగారు మంచముమీదనుండి దిగకయే అందుకొని, బండి ఆలస్యముగా వచ్చినదని కసరుచున్నారు. మొన్న వాడు గడపకు అడ్డముగా నెక్కించి సీలలన్నిటిని తెంపినాడు. నేనే లేతుపనివాని యొద్దకు పోయితిని. అతడు ఈ మాఱు సారునడుగలేదు. గట్టి యుక్కుతో చేయవలెనా, మెత్తని యినుముతో చేయవలెనా యని నన్నే యడిగెను. మెత్తనిదే కావలె నంటిని. పండ్రెండు సీలలకు నూటయిరువది రూపాయలు తీసికొనెను.